కెమెరా దించకుండా ఎత్తిన చెయ్యి

కళ్ళ ముందు నల్లటి చుక్కలు తేలుతున్నాయా? మీరు ఫోటోలు తీసేవారైతే దయచేసి కెమెరా విప్పకండి. కంటి డాక్టరు దగ్గరికి పొండి. ఈ ఒక్క ముక్క నలుగురికీ తెలియాలని మా సైకిల్ జట్టు పెద్ద ఇళంగో నన్ను ఇది రాయమన్నాడు. ఆ ముక్క చెప్పేశాను. చదవడం ఇక్కడితో ఆపినా మీకు కావలసింది దక్కినట్టే. మిగతాది నేను కుదుటపడటానికి రాసుకుంటున్నాను.

నా పేరు గజేంద్ర. తిరుత్తణి నుంచి పొదటూరుపేట పోయే దారిలో మా ఊరు. మా నాన్న దాకా ఇంట్లో అందరూ మగ్గం నేసినవాళ్ళే. నేను ఫోటోల్లో పడ్డాను. తిరువళ్ళూరు స్టేషను దగ్గర చిన్న స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు, చెవులు కుట్టే వేడుకలు, పాస్‌పోర్టు ఫోటోలు కూటి కోసం. ఆదివారం తెల్లారితే మాత్రం కొండల్లో ఉండేవాణ్ణి. లావు చక్రాల సైకిళ్ళ మీద రాళ్ళల్లో ముళ్ళల్లో కొండ దిగే పిచ్చివాళ్ళు మా వైపు పదిహేను మంది దాకా ఉన్నారు. వాళ్ళ వెంట పడి ఫోటోలు తీసే పిచ్చివాణ్ణి నేనొక్కణ్ణే.

ఈ పిచ్చి నాకు అంటించినవాడు దాము, నా భార్య కస్తూరి తమ్ముడు. ఇరవై ఆరేళ్ళవాడు. తిరుత్తణి బజారులో సైకిళ్ళు బాగుచేసే షాపు నడుపుతాడు. వంకరపోయిన చక్రాన్ని తిప్పుతూ, కళ్ళు మూసుకుని చువ్వ చువ్వా తడిమి, ఏది వదులో ఏది బిగువో చెప్పేవాడు. చెన్నై నుంచి కూడా ఖరీదైన సైకిళ్ళు వాడి వేళ్ళ కోసం వచ్చేవి. కొండ దిగడంలో మా జట్టులో వాడి తరవాతే ఎవరైనా.

మేం వెళ్ళే కొండమీద ఒకచోట మనిషెత్తు బండ ఉంది. పైనుంచి సైకిల్ మీద వచ్చేవాడు దాని మీదినుంచి గాలిలోకి దూకాలి. బండ అంచు దాటేదాకా కింద నేల వాడికి కనబడదు. ఎదురుగా మిట్ట మీద నిలబడిన ఫోటోగ్రాఫరు మాత్రం కనబడతాడు, అదీ ముఖం ఆనవాలు పట్టలేనంత దూరంగా. అందుకని జట్టులో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఫోటో తీసేవాడే కాపలా. వాడు కెమెరా దించి, రెండు పక్కలా కళ్ళారా చూసి, దారి ఖాళీగా ఉంటేనే చెయ్యెత్తాలి. పైవాడు ఆ చెయ్యి చూసి బయల్దేరతాడు. 'కెమెరా దించి చెయ్యెత్తాలి' అని కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఇళంగో మొదటిరోజే చెబుతాడు. తిరువళ్ళూరులో బడిపంతులు కదా, మూడుసార్లు అప్పజెప్పించుకుంటాడు కూడా. నా చేతా చెప్పించుకున్నాడు.

మే నెలలో మొదలైంది. వ్యూఫైండర్‌లో కన్ను పెడితే నల్లటి చుక్కలు, వెంట్రుకల్లాంటివి రెండు మూడు, అటూ ఇటూ కదులుతున్నాయి. కొండ దుమ్ములో తిరిగే కెమెరాకు ఇది మామూలే. లోపల దుమ్ము చేరిందనుకుని రబ్బరు బుడ్డితో గాలి ఊదాను. పోలేదు. మెత్తటి గుడ్డతో తుడిచాను. పోలేదు. తీసిన ఫోటోల్లో ఒక్క చుక్కా లేదు. అప్పుడైనా బుద్ధి రావాలి కదా. దుమ్ము లోపలి అద్దంలో ఉందని తీర్మానించి, చెన్నై వెళ్ళి కెమెరాలు బాగుచేసే పెద్దాయన ముందు పెట్టాను. ఆయన అరగంట చూసి, తిరిగి నా చేతిలో పెట్టాడు.

"కెమెరాలో ఏమీ లేదు సార్. మీ కళ్ళద్దాలు ఒకసారి తుడుచుకోండి."

ఆయనకు పనితనం తగ్గిందని గొణుక్కుంటూ వచ్చేశాను. దారిలో కళ్ళద్దాలు తుడుచుకున్నాను కూడా.

ఇంకొక సంగతి చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా కుడి కన్ను వ్యూఫైండర్‌లో పెట్టి ఎడమ కన్ను మూసుకోవడం నాకు అలవాటు. కెమెరా దించితే రెండు కళ్ళూ తెరిచే ఉంటాయి. ఒక కన్ను చూడలేనిది రెండోది చూసి పెడుతుంది. కాబట్టి కెమెరా ముఖం మీద ఉన్నప్పుడే జబ్బు కనిపించేది. కెమెరాదే తప్పనుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి.

జూన్‌లో మెరుపులు వచ్చాయి. అన్నం తింటూ ఉంటే కుడి పక్క తళుక్కుమనేది.

"వానొస్తాదేమో, మిద్దె మీద బట్టలుండాయి చూడు," అన్నాను కస్తూరితో.

ఆమె వాకిట్లోకి పోయి ఆకాశం చూసి వచ్చింది. "మబ్బే లేదు గదా. యాడ మెరిసింది మీకు?"

రెండుసార్లు అలా చూసి వచ్చింది. మూడోసారి నేను చెప్పడం మానేశాను. జూలై మొదట్లో ఫ్రేములో ఎడమ పక్క, కింది మూలన, నీడ పడటం మొదలైంది. లెన్సు చుట్టూ ఎండ పడకుండా తొడిగే గొట్టం వదులై అడ్డొస్తోందనుకున్నాను. కొత్తది తెప్పించి తొడిగాను. నీడ అక్కడే ఉంది. ఇది కూడా నాసిరకమే అని దాన్ని తిట్టాను.

ఆ ఆదివారం గురించి ఎన్నిసార్లు తలచుకున్నా నిమిషం కూడా మారదు. పొద్దు అప్పుడే కొండ పైకి వచ్చింది. ముందు దిగిన ముగ్గురి చక్రాల దుమ్ము ఇంకా గాలిలో ఉంది. ఎండ ఆ దుమ్ములో ఏటవాలుగా పడుతోంది. ఆఖరున దాము ఉన్నాడు. తూర్పున ఒక మబ్బు తుండు పొద్దును కమ్ముకోవడానికి వస్తోంది. ఇప్పుడు కెమెరా దించి, రెండు పక్కలా చూసి, మళ్ళీ ఎత్తి సరిచూసుకునేసరికి ఆ వెలుగు ఉండదు. ముందు ముగ్గురికీ దించాను. దాముకు దించలేదు. వ్యూఫైండర్‌లోంచి కుడి కన్ను తీయకుండానే ఎడమ చెయ్యి పైకెత్తాను.

టైర్లు బండను ఒరుసుకున్న చప్పుడు వినబడింది. వాడు గాలిలోకి లేచాడు. నొక్కాను. ఆ తరవాత మేక మెడలోని గంట చప్పుడు. దాము గాలిలోనే ఒళ్ళు తిప్పుకున్నాడు. ముందు చక్రం పక్కకు పడింది, వాడు కుడి చెయ్యి ఆనించి రాళ్ళ మీద పడ్డాడు.

నేను పరుగెత్తేసరికి మేకలు కాసే ముసలాయన వాడి తల ఒళ్ళో పెట్టుకుని, తన తలగుడ్డ విప్పి చెయ్యికి కడుతున్నాడు. మేకకు ఏమీ కాలేదు, వాడు తప్పించాడు. మిగతావాళ్ళు ఇంకా రాలేదు. ముసలాయన నన్ను చూసి మెల్లగా అన్నాడు.

"నేను ఈడనే నిలబడుండా గదయ్యా. నువ్వు చూసినావనే అనుకుంటి."

జట్టువాళ్ళు చేరుకున్నాక ఎవరో, మేక పొదలోంచి ఉన్నట్టుండి వచ్చిందా అని అడిగారు. అవునన్నాను. ముసలాయన నా వంక చూశాడు. మేకను తోలుకుని పోయాడు.

దాముకు మణికట్టు రెండుచోట్ల విరిగింది. తిరువళ్ళూరులో ఆసుపత్రిలో చేర్చాం. ఆపరేషనుకు తీసుకుపోయే ముందు బయట బెంచీ మీద కస్తూరి, మా అత్తగారు, నేను కూర్చుని ఉన్నాం. స్ట్రెచర్ మా ముందునుంచి పోతుంటే వాడు ఆపమన్నాడు.

"బావా, ఫోటో వచ్చిందా?"

"వచ్చిందిలే. పోయిరా."

"బాగొచ్చిందా?"

"శానా బాగొచ్చింది."

అప్పటికి నేను చూడనే లేదు. ఇంటికి పోయే రైల్లో కెమెరా తెరిచాను. నేను ఇన్నేళ్ళలో తీసినవాటిలో అంత మంచి ఫోటో లేదు. వాడు గాలిలో తేలుతున్నాడు. ముఖంలో భయం లేదు, నవ్వబోతున్నాడు. ఎడమ పక్క కింది మూలన ముసలాయన కర్ర మీద గడ్డం ఆనించుకుని నిలబడి ఉన్నాడు, పక్కన తెల్లమేక. మేక చెవి మీది మచ్చ కూడా తెలుస్తోంది. నాకు నీడ కనబడిన చోట కెమెరాకు మనిషి కనబడ్డాడు. తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి చేరేలోగా ఆ ఫోటోకు ఎడమ పక్క కత్తిరించి దాముకు, జట్టుకు పంపాను. అందరూ మెచ్చుకున్నారు. ఆసుపత్రి మంచం మీదినుంచి దాము ఎడమ చేత్తో టైపు కొట్టాడు, సూపర్ బావా అని.

మూడు రోజుల తరవాత స్టూడియోలో ఒకాయనకు పాస్‌పోర్టు ఫోటో తీస్తున్నాను. ఆయన గడ్డం, ఒక భుజం ఫ్రేములో లేవు. ఆ లెన్సుకు గొట్టమే లేదు. కెమెరా దించి, ఎడమ కన్ను మూసుకుని ఉత్త కంటితో చూశాను. అప్పుడూ లేవు. ఆయన పాపం కదలకుండా కూర్చునే ఉన్నాడు, నేను నొక్కుతానని.

మర్నాడు చెన్నైలో పెద్ద కంటి ఆసుపత్రికి ఒక్కణ్ణే పోయాను. కస్తూరి తమ్ముడి దగ్గర ఉండాలి కదా. అక్కడ హాలు నిండా మనుషులు, అందరి కళ్ళల్లో మందు వేసి మూసుకోమన్నారు. అంతమంది ఒకేచోట కళ్ళు మూసుకుని, పేరు పిలిస్తే వినడానికి తల పక్కకు వంచుకుని కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. చూసింది కూడా సగమే, తరవాత నా కళ్ళల్లోనూ వేశారు. పక్కన పులికాట్ ఒడ్డున పళవేర్కాడు నుంచి వచ్చిన పెద్దావిడ ఉంది. మొగుడి కంటికి చూపించడానికి వచ్చిందట.

"నీ వెంట ఎవురూ రాలేదా నాయనా?"

"బామ్మర్ది ఆసుపత్రిలో ఉండాడమ్మా. నా పెళ్ళాం ఆడుండాది."

"ఒకేపారి రెండా," అంది. నా పేరు పిలిచినప్పుడు నాకంటే ముందు ఆవిడే లేచి, నా మోచెయ్యి పట్టుకుని తలుపు దాకా నడిపించింది. ఆమె చేతికి చేపల వాసన ఉంది. ఆవిడ ముఖం నేను చూడలేదు. ఇప్పుడు ఎదురుపడినా గుర్తుపట్టలేను.

డాక్టరమ్మ చాలాసేపు చూసింది. కంటి వెనక పొర ఊడి వచ్చేస్తోందని, రెండు రోజుల్లో ఆపరేషను చెయ్యాలని, చూపు ఎంత మిగులుతుందో ఇప్పుడే చెప్పలేనని అంది.

"చుక్కలు ఎప్పటినుంచి?"

"మే నుంచి."

"ఇన్ని రోజులూ ఏం చేశారు?"

"కెమెరా శుభ్రం చేశాను."

ఆమె నవ్వలేదు. రాసుకోవడం ఆపి నా వంక చూసింది, అంతే.

మెట్ల దగ్గర గోడకు ఆనుకుని కస్తూరికి ఫోన్ చేశాను. చెప్పగానే ఏడ్చింది. ఏడుస్తూనే అంది. "అయితే ఆ రోజు మేక మీకు కనబడనే లేదా? జబ్బు చేసిన కంటితో మీరేం చేస్తారు. మీ తప్పేముందండీ."

సిగ్గు విడిచి రాస్తున్నాను. ఆ మాట వినగానే నాకు ఊరట కలిగింది. కన్ను పోతుందన్న భయం కడుపులో ఉండగానే, ఒక తలుపు తెరుచుకున్నట్టయింది. కనబడలేదు, కాబట్టి నా తప్పు కాదు. కానీ నా ఎడమ కన్ను బాగానే ఉంది. కెమెరా దించి ఉంటే ఆ కన్ను ముసలాయన్ని చూసేది. ఈ సంగతి నాకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు. అయినా ఆ తలుపులోంచి లోపలికి పోయి కూర్చున్నాను.

ఆపరేషను తిరుత్తణి కొండ మీది మురుగన్ పండగ ఆడి కృత్తికకు ముందు జరిగింది. నొప్పి సంగతి రాయను. కంట్లోకి ఏదో గాలి ఎక్కించారు, అది లోపల పొరను నొక్కి పట్టుకోవాలట. అందుకని పధ్నాలుగు రోజులు తల ఎత్తకూడదు. తినేటప్పుడు, నడిచేటప్పుడు, పడుకున్నప్పుడు, ఎప్పుడూ ముఖం నేలకే ఉండాలి. తిరుగు రైలు కావడి భక్తులతో కిక్కిరిసి ఉంది. నాకు కనబడిందల్లా పసుపు రాసుకున్న పాదాలే. ఎవరో నా అవస్థ చూసి కిటికీ పక్క సీటు ఖాళీ చేశారు. ఇంకెవరో పసుపు తువ్వాలు మడిచి నా నుదుటి కింద పెట్టారు. తిరుత్తణిలో దిగేటప్పుడు తువ్వాలు ఇవ్వబోతే, "వెచ్చుక్కోంగ అన్నా," అన్నాడు అతను, ఉంచుకోమని. ఆ తువ్వాలు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

తల ఎత్తకుండా పధ్నాలుగు రోజులు ఎలా పడుకోవాలో తోచలేదు. మంచం మీద మెడ విరిగిపోతోంది. దారి చూపింది కస్తూరే. మా ఇంటి ముందు గదిలో నాన్న నేసిన మగ్గం గుంత ఉంది. మగ్గం విప్పేసి చాలా ఏళ్ళయింది, గుంత మీద పలకలు పరిచి ఉల్లిపాయలు పోసుకుంటున్నాం. నేసేటప్పుడు నాన్న ఆ గుంతలోకే కాళ్ళు దించుకుని కూర్చునేవాడు. కస్తూరి పలకలు తీసి, ఉల్లిపాయలు ఎత్తి, గుంత ఒడ్డున బల్ల వేసింది. నేను బల్ల మీద బోర్లా పడుకుని, నుదురు అంచున ఉన్న తువ్వాలు చుట్ట మీద పెడితే, ముఖం గుంత మీదికి వచ్చేది. ఎవరైనా నాతో మాట్లాడాలంటే గుంతలోకి దిగి పైకి చూడాలి. అలా ఆ రెండు వారాలూ మనుషుల ముఖాలు నాకు నేలలోంచి కనిపించాయి.

జట్టువాళ్ళు వచ్చేవారు. గదిలోకి రాగానే వాళ్ళ కాళ్ళను బట్టే పేర్లు చెప్పేవాణ్ణి. సైకిల్ పెడళ్ళ మీది ముళ్ళు గీరుకుపోయి మా వాళ్ళందరి ముంగాళ్ళ మీదా మచ్చలుంటాయి, ఏ ఇద్దరివీ ఒకలా ఉండవు. ఒకడు కొబ్బరిబోండాం తెచ్చి, గొట్టం నా నోటికి అందేలా గుంతలో పట్టుకు కూర్చున్నాడు. ఇళంగో రోజు విడిచి రోజు వచ్చి గుంతలో కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకునేవాడు. మాట్లాడకపోయినా ఫరవాలేదనేవాడు.

"నీ మీద ఎవురికీ కోపం లేదప్పా గజేంద్రా. వ్యాధి వచ్చింది, నువ్వు ఎన్న చేస్తావు?" అన్నాడు ఒకరోజు, తన అరవం కలిసిన తెలుగులో.

అలా అన్న ప్రతివాడి ముఖమూ నాకు జానెడు దూరంలో ఉండేది. కళ్ళు తప్పించుకోవడానికి కూడా దారి లేదు. రెప్పలు మూసుకునేవాణ్ణి. నిద్రొస్తోందేమో అని వాళ్ళు మెల్లగా లేచిపోయేవారు.

కస్తూరి పొద్దున నాకు తినిపించి, కంట్లో మందు వేసి, బస్సెక్కి తిరుత్తణి పోయి తమ్ముడికి స్నానం చేయించి, మధ్యాహ్నానికి తిరిగొచ్చేది. ఒకరోజు అన్నం గిన్నె గుంత ఒడ్డున ఠక్కున పెట్టింది. "ఒకరు చెయ్యి ఎత్తలేరు, ఒకరు తల ఎత్తలేరు. నేను ముందు ఎవురికి పెట్టేది?" అంది. తరవాత తనే గుంతలోకి దిగి, నా ముఖం కింద కూర్చుని, ముద్దలు కలిపి పెట్టింది. తల కూడా దువ్వుకోలేదు ఆ రోజు.

పదకొండో రోజు మధ్యాహ్నం గడప దగ్గర ఎడమ ముంగాలి మీద మూడు గీతల మచ్చ కనిపించింది. దాము. ఆసుపత్రి నుంచి వచ్చాక ఇల్లు కదలడం అదే మొదలు. కస్తూరి పెరట్లో ఉంది. వాడు కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని గుంతలోకి దిగాడు. దిగడానికి చాలాసేపు పట్టింది. పైకి చూశాడు. చిక్కిపోయాడు.

"ఎట్లుండావు బావా?"

"ఉండాలే. చెయ్యి ఎట్లుండాది?"

"ఎముక అతుక్కుంటాంది అంటాండారు. ఈ రెండు వేళ్ళు వంగడం లేదు." చూపుడు వేలు, నడిమి వేలు చూపించాడు. బ్రేకు పట్టే వేళ్ళు. చువ్వలు తడిమే వేళ్ళు. "వంగకపోవచ్చునంట."

వాడు ఎడమ చేత్తో జేబులోంచి ఫోన్ తీసి, నేను పంపిన ఫోటో తెరిచి నా కంటి ముందు పట్టాడు.

"పొద్దు పోక దీన్నే చూస్తా ఉండాను. ఒకటి అడగాల నిన్ను. సైకిల్ పోయే తట్టు నువ్వు ఎప్పుడూ జాగా వదుల్తావు. ముందర దారి కనబడాల అంటావు. మా అందరి ఫోటోల్లోనూ అట్లనే ఉండాది. దీంట్లో లేదు. నా ముందు చక్రం అంచుకు తగిలిపోయుండాది." వాడి గొంతు పెరగలేదు. "ఎడమ తట్టు ఏం కోసినావు బావా?"

నా ఫోటోలు అంత శ్రద్ధగా చూసేవాడు ఒకడున్నాడని అప్పుడే తెలిసింది. నా కెమెరా సంచి బల్ల కింద ఉందని చెప్పాను. వాడు తీసి, వెతికి, అసలు ఫోటో చూశాడు. చాలాసేపు చూశాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. వెలుగు పోతుందని కెమెరా దించలేదని చెప్పాను. జబ్బు కన్ను కాదు, మంచి కన్ను మూసుకుని చెయ్యెత్తానని చెప్పాను. ముసలాయన అన్న మాట చెప్పాను. తల దించుకుని ఏడిస్తే కన్నీళ్ళు చెంపల మీద జారవు, ఉన్నపళంగా కింద పడతాయి. అవి వాడి కట్టు మీద పడ్డాయి. వాడు చెయ్యి పక్కకు తీసుకోలేదు.

"పైనుంచి నువ్వు కెమెరా దించినావో లేదో నాకు యాడ తెలుస్తాది," అన్నాడు చివరికి. "చెయ్యి లేచింది. నీ చెయ్యి లేస్తే ఇంక నేను చూసేదేముంది బావా."

దానికంటే వాడు నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

"కన్ను పోయి చూడలేదనుకున్నా. సరేలే అనుకున్నా. కోసినావని తెలిసినాక సరేలే అనుకోలేకపోతాండా." కెమెరా సంచిలో పెట్టి జిప్పు వేశాడు. "అక్కకు నేను చెప్పను. నువ్వే చెప్పాల."

లేవబోయాడు. ఒంటిచేత్తో గుంత ఒడ్డు పట్టుకుని పైకి రాలేకపోయాడు. మనిషెత్తు బండ మీదినుంచి దూకినవాడు మోకాళ్ళ లోతు గుంతలోంచి ఎక్కలేక రెండుసార్లు జారాడు. నేను పట్టుకోవాలంటే తల ఎత్తాలి. చెయ్యి మాత్రం చాచాను. వాడు ఆ చెయ్యి అందుకోలేదు. మూడోసారి మోకాలు ఆనించి తనే ఎక్కి, వెళ్ళిపోయాడు.

పధ్నాలుగో రోజు డాక్టరమ్మ తల ఎత్తవచ్చునంది. ఇంటికి వచ్చి నేను చేసిన మొదటి పని కస్తూరిని కూర్చోబెట్టి అసలు ఫోటో చూపించడం. అంతా చెప్పాను. ఆమె ముసలాయన్ని, మేకను, తమ్ముడి ముఖాన్ని ఒకదాని తరవాత ఒకటి చూసింది.

"వాడు మీ చెయ్యి చూసి దూకినాడు గదా," అంది.

నలభై రోజులు నాతో మాట్లాడలేదు. రోజుకు ఆరుసార్లు నా కంట్లో మందు వెయ్యాలి. ఒక్కసారి కూడా తప్పలేదు. గడ్డం పట్టుకుని తల వెనక్కి వంచేది, రెప్ప విప్పేది, చుక్క వేసేది, లేచిపోయేది. ఆ వేళ్ళు ఎప్పటిలాగే మెత్తగా ఉండేవి. అదే భరించలేకపోయేవాణ్ణి. మళ్ళీ మొదటిసారి మాట్లాడినప్పుడు కూడా మందు అయిపోవచ్చింది, రేపు తేవాలి అని మాత్రమే అంది. నేను పొయ్యి పక్కకు పోయి ఏడ్చాను.

జట్టుకు అసలు ఫోటో పంపి, ఏం జరిగిందో నాలుగు ముక్కల్లో రాశాను. రెండు రోజులు ఒక్కరూ జవాబివ్వలేదు. మూడోరోజు ఇళంగో ఇంటికొచ్చాడు. అలవాటు కొద్దీ గుంతలోకి దిగబోయి ఆగాడు. తిట్టలేదు. కొండ మీద ముసలాయన్ని వెతికి, ఆయన కాళ్ళకు దండం పెట్టి రమ్మన్నాడు. వెళ్ళాను. ఆయన నన్ను గుర్తుపట్టి ముందుగా దాము చెయ్యి ఎట్లుందని అడిగాడు.

ఇప్పుడు తై నెల, సంక్రాంతి దాటింది. కుడి కన్ను కొంత వచ్చింది. వెలుగు తెలుస్తుంది, మనిషి తెలుస్తాడు, ముఖం తెలియదు. తిన్నని గీత ఆ కంటికి వంకరగా కనిపిస్తుంది. మా ఊళ్ళో ఎవరైనా మగ్గానికి పడుగు దారాలు సాగదీసి కట్టినప్పుడు అలవాటుగా ఆగి చూస్తాను. ఆ దారాలు నీళ్ళల్లో ఉన్నట్టు కదులుతాయి. ఇంతేనట, ఇక మెరుగుపడదట. ఎడమ కన్ను వ్యూఫైండర్‌లో పెట్టడం నేర్చుకుంటున్నాను. ముక్కు అడ్డొస్తుంది.

దాము వేళ్ళు వంగలేదు. కొండ దిగే సైకిల్‌ను షాపు పైకప్పుకు వేలాడదీశాడు. చువ్వలు ఎడమ చేత్తో బిగిస్తున్నాడు. చెన్నై సైకిళ్ళు ఇప్పుడు ఎక్కువగా రావు. షాపు గోడ మీద ఆ ఫోటోను పెద్దదిగా పెట్టుకున్నాడు, మేకతో సహా. నేనే అచ్చు వేయించి తీసుకుపోయాను. వాడు చూసి, గోడకు మేకు ఎక్కడ కొట్టాలో చూపించాడు. నాతో మాట్లాడతాడు. పూర్వంలా కాదు.

పోయిన ఆదివారం వాడే ఇంటికొచ్చి, కొండకు పోదాం రా బావా అన్నాడు. కస్తూరి ఇద్దరికీ ఇడ్లీలు కట్టి ఇచ్చింది. మిట్ట మీద నా పక్కన వాడు నిలబడ్డాడు. పైన ఇళంగో కాచుకుని ఉన్నాడు. ఎండ దుమ్ములో ఏటవాలుగా పడుతోంది, ఆ రోజు లాగే. నేను కెమెరా ఎత్తి, ఎడమ కన్ను ఆనించి, సరిచూసుకుంటున్నాను. వెలుగు చాలా బాగుంది. ఇంకొంచెంసేపు అలాగే ఉండిపోయాను.

వంగని రెండు వేళ్ళు లెన్సు మీద పడ్డాయి. దాము కెమెరాను నా ముఖం మీదినుంచి మెల్లగా కిందికి దించాడు. నేను ఎడమకు చూశాను. కుడి పక్కకు చూడాలంటే తల పూర్తిగా తిప్పాలి ఇప్పుడు, తిప్పి చూశాను. నేను చూడటం అయ్యేదాకా వాడు నా ముఖాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఆ తరవాత తన ఎడమ చెయ్యి ఎత్తాడు.